కింది గది పుస్తకాలు

ఆ ఆర్ట్ కాలేజీ లైబ్రరీలో మెట్లు దిగితే ఒక గది ఉంది. చీకటి పడితే అటెండరు ఆ మెట్ల వైపు కన్నెత్తి కూడా చూడడు. అక్కడ పనికి కుదిరినవాళ్లెవరూ నిలవలేదంటారు. రాత్రుళ్లు లోపల ఎవరో పేజీలు తిప్పుతారనీ... పొద్దున తలుపు తీస్తే పుస్తకాలన్నీ నేలమీద ఉంటాయనీ —

కొత్తగా చేరినావిడకి ఇవన్నీ చెప్పారు. దెయ్యాల సంగతి వినే తీరిక ఆవిడకెక్కడిది?

అవి మామూలు పుస్తకాలు కావు మరి. విద్యార్థులు జిరాక్స్ తీసి పిన్నులు కొట్టుకున్న బుల్లి పత్రికలు, ఆర్టిస్టులు చేత్తో కుట్టి, మడిచి, అంటించి చేసిన పుస్తకాలు. ఒకటి అగ్గిపెట్టెలో పడుతుంది. ఒకటి తెరిస్తే హార్మోనియం తిత్తిలా సాగుతూనే ఉంటుంది. ఇంకోదానికి అట్టే లేదు, తాడుంది. నిలబెడితే వంగుతాయి, పడుకోబెడితే జారతాయి. సగం వాటికి చేసినవాళ్ల పేర్లే ఉండవు.

నడుము విరిగేలా రోజంతా సర్దడం... పొద్దున్నొచ్చేసరికి మళ్లీ మొదటికి!

"తనిఖీకి వస్తున్నారమ్మా," అన్నాడు లైబ్రేరియన్. "గది ఇలాగే ఉంటే అన్నీ మూటకట్టి గోడౌన్లో పడేయమంటారు."

"నేను రోజూ సర్దే వెళ్తున్నాను సార్."

"మరి పడేస్తున్నదెవరు?"

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. గోడౌన్ అంటే ఎలకలు, చెదలు. వాటిలో చాలావాటికి రెండో కాపీ లోకంలోనే లేదు. పైగా తప్పంతా తనదన్నట్టు ఆ చూపొకటి!

ఇంటికి ఫోన్ చేసింది. "ఇవాళ ఆలస్యమవుతుంది. పిల్లకి నువ్వే అన్నం పెట్టు."

"ఏం, ఎందుకు?" అన్నాడు మొగుడు.

"దెయ్యాన్ని పట్టుకోవాలి."

"పట్టుకుంటే పట్టుకున్నావు గానీ, ఇంటికి తీసుకురాకు."

ఆవిడకి నవ్వు రాలేదు. ఠక్కున పెట్టేసింది.

ఎవరికీ చెప్పకుండా గదిలోకెళ్లి, లోపల గడియ పెట్టి, లైటార్పి మూల కుర్చీలో కూర్చుంది. ఇదెవరో ఆకతాయి పనే. దొరకనీ, చెప్తాను...

బయట వాన. లోపల ఏసీ సన్నగా గుయ్యిమంటోంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. దోమలు. ఏం బతుకురా ఇది, అనుకుంది మనసులోనే.

టక్.

ఏసీ ఆగిపోయింది.

గదంతా చెమ్మ వాసన కమ్ముకుంది. ఎంతసేపు గడిచిందో... వెనక ఎక్కడో —

సర్ర్...

పేజీ తిప్పిన చప్పుడు. ఆవిడ ఊపిరి బిగబట్టింది. మళ్లీ సర్ర్... ఈసారి దగ్గరగా. ఏదో ధబ్బున పడింది. చల్లగా, మెత్తగా ఏదో వచ్చి పాదానికి తగిలింది —

టార్చి వేసింది.

హార్మోనియం పుస్తకం! అర మీంచి జారి, మడత మడతా విచ్చుకుంటూ కాలిదాకా వచ్చింది. పైన అరలో ఇంకో పుస్తకం ఉబ్బి, చూస్తుండగానే పక్కదాన్ని అంచుకి నెడుతోంది. ముట్టుకుంటే కాగితం తడితడిగా ఉంది.

అంతేనా! ఏసీ ఆగితే చెమ్మ చేరుతుంది, చేతికాగితం ఉబ్బుతుంది, మడతలు విచ్చుకుని పక్కవాటిని తోసేస్తాయి. ఒక్క స్విచ్చు వల్ల ఇన్నాళ్లూ తను పడ్డ మాటలు!

రెండేసి మెట్లెక్కుతూ పైకెళ్లింది. స్విచ్చుబోర్డు పక్కనే రాత్రి కాపలా ముసలాయన కూర్చున్నాడు.

"ఏసీ ఆపింది నువ్వేనా?"

"అవునమ్మా."

"ఎవరాపమన్నారు నిన్ను? నీ వల్ల నా ఉద్యోగం ఊడేలా ఉంది, తెలుసా?"

ఆయన తెల్లబోయాడు. "అదేంటమ్మా... మీరే కదా?"

"నేనా?"

"నేను డ్యూటీకొచ్చిన కాసేపటికి రోజూ లోపల్నుంచి పిలుస్తారు కదమ్మా... 'చలేస్తోంది, ఆపు బాబూ' అని." ఆయన గొంతు తగ్గించాడు. "ఇందాక కూడా... పిలిచారు కదా?"

ఇందాక లోపల ఆవిడ పెదవి విప్పలేదు. ఎవరి గొంతూ వినలేదు.

తనిఖీ బాగానే జరిగింది. పుస్తకాలు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు ఏసీ రాత్రంతా నడుస్తుంది, ఆపమని ఎవరూ పిలవడం లేదు. సాయంత్రం ఇంటికెళ్లేముందు ఆవిడ మూల కుర్చీ మీద ఒక శాలువా వేసి వెళ్తుంది. ఎందుకని ఎవరడిగినా విసుక్కుంటుంది.

మొగుడితో మాత్రం ఒక్కసారి చెప్పిందట — పొద్దున తలుపు తీసేసరికి గదంతా మంచులా ఉంటుంది... శాలువా మాత్రం వెచ్చగా ఉంటుందని.