బోమాంట్ వారబ్బాయి

సన్నీవేల్ ఆఫీసులో, తలా ఒక వంటకం తెచ్చే ఉగాది పాట్‌లక్ లిస్టు వచ్చింది. ‘కె. బోమాంట్: పులిహోర’ అన్న వరుస చూసి కాజులూరి రాగిణికి నవ్వాగలేదు. పాపం, ఎవరో తెల్లాయన యూట్యూబ్ చూసి సాహసం చేస్తున్నాడనుకుంది.

తీరా చూస్తే, గిన్నె పట్టుకుని నిలబడ్డవాడు మనవాడే.

"ఇందులో చీజ్ వేశారా?" అంది అతి మర్యాదగా.

"లేదండి, ఇంగువే వేశాను. నా పేరు కౌశిక్. మాది యానాం."

"మరి ఆ బోమాంట్? గ్రీన్‌కార్డ్ తొందరగా వస్తుందనా?"

"మా ముత్తాతగారి నాన్న చేసిన పనండి. ఫ్రెంచి వాళ్ళ కాలంలో పాత ఇంటిపేరు వదిలి సంతకం పెడితే దొరలతో సమానంగా చూస్తామన్నారట."

"చూశారా?"

"పేరు మాత్రం ఇచ్చారు. దానర్థం అందమైన కొండ. యానాంలో మట్టిదిబ్బ కూడా లేదు. ఫ్రాన్స్‌లో ఆ పేరుతో ఊళ్ళు బోలెడు, కాలిఫోర్నియాలోనూ ఒకటుంది. మావాళ్ళు ఏ ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు."

రాగిణి రెండోసారి పులిహోర వేయించుకుంది. మూడోసారి కూడా. అప్పటికి ఆకలి అనే సాకు చెల్లదు.

ఎనిమిది నెలల తర్వాత అతన్ని, ఆఫీసుకి గంట దూరంలోనే ఉన్న డబ్లిన్‌లో తల్లి దగ్గరికి తీసుకెళ్ళింది. వసంతలక్ష్మి ముందు కాఫీ ఇచ్చి, తర్వాత విచారణ మొదలుపెట్టింది.

"పాత ఇంటిపేరేంటి బాబూ? అది తెలియకుండా, మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళ వరస కారని ఎలా అనుకోను?"

"తెలీదు ఆంటీ. నానమ్మనడిగి చెబుతాను."

మరుసటి శనివారం వానలో తడుస్తూ వచ్చాడు. గుమ్మంలోనే రాగిణి ఆపింది.

"ఏమంది నానమ్మ?"

"కాజులూరి. మీ ఇంటిపేరే."

ఆమె గొంతు తగ్గించింది. "అమ్మకి ఇంకోటి చెప్పు. లోకంలో ఇంటిపేర్లు కరువా?"

"ఆవిడ చేతి కాఫీ తాగి అబద్ధం చెప్పలేను."

"మహానుభావుడివి. రాఖీ కూడా కొనుక్కొచ్చావా?" అంది. మాటల్లో వెటకారమే గాని, చేతివేళ్ళు అతని తడి చొక్కా అంచుని వదల్లేదు.

లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

వసంతలక్ష్మి తల తుడుచుకోమని తువ్వాలు అందించింది. "చెప్పకుండా ఉండచ్చుగా?"

"ఉండచ్చు ఆంటీ."

"నేను మూడు ముళ్ళ దగ్గర పుట్టింటి పేరు వదిలేశాను. ఆ పూటే గోత్రమూ మారింది. ఏ పంతులూ తప్పు పట్టలేదు. మీ పెద్దాయన సంతకం పెట్టి మరీ వదిలేశాడు. ఆడదానికి చెల్లింది మగాడికి చెల్లదా?"

"అంటే..."

"అంటే నువ్వు బోమాంట్ వారబ్బాయివి. మా వంశంలో బోమాంట్లెవరూ లేరు. మీవాళ్ళని ఫోన్ చేయమను," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రాగిణి సోఫా అంచున కూర్చుంది. "ప్రేమిస్తున్నానని ఇంతవరకూ నువ్వు నాతో అననే లేదు."

"వరస తేలనీ అని ఆగాను."

"తేలిందిగా. చెప్పు."

"మీ అమ్మగారు వింటారు."

"నేను వినట్లేదు బాబూ, చెప్పు," అంది వసంతలక్ష్మి లోపల్నుంచి.