కుర్చీ పక్కన ఖాళీ

జగ్గయ్యపేట ఫొటోల మ్యూజియంలో పనిచేసే పిల్ల, మొన్న ఆదివారం సిమెంటు ఫ్యాక్టరీ కుర్రాడితో ఒకే గొడుగు కింద మున్నేటి ఒడ్డున తిరిగిందట. ఈ మాట నందిగామలో రాఘవమ్మ చెప్పింది. రాఘవమ్మ చూళ్లేదు. పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వస్తూ ఆమె చెల్లెలి కోడలు చూసింది. కోడలు అత్తకి చెప్పింది, అత్త ఫోన్లో రాఘవమ్మకి చెప్పింది, రాఘవమ్మ పిట్టగోడ మీదుగా భవానీప్రసాద్ తల్లికి చెప్పింది. తల్లి ఇడ్లీ ప్లేటు ముందు పెడుతూ కొడుక్కి చెప్పింది. ఇన్ని నోళ్లు మారేసరికి గొడుగు బాగా చిన్నదైపోయింది.

"ఒక్కళ్లకే చాలని గొడుగంట. ఇద్దరంట," అంది తల్లి.

"ఎవరు ఎవరి గొడుగులో ఉంటే మనకెందుకమ్మా."

"నాకెందుకురా? ఆదివారం వస్తే బండేసుకుని జగ్గయ్యపేట పోయేది నువ్వు. చట్నీ వెయ్యనా?"

"వద్దు."

రోజూ మూడుసార్లు చట్నీ వేయించుకునేవాడు వద్దన్నాడు. తల్లి ఇంకేమీ అడగలేదు. ఆమెకు కావలసింది తెలిసిపోయింది.

భవానీప్రసాద్ నందిగామలో ఒక స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తాడు. చేతిలో పనితనం ఉంది. పెళ్లికి రాని మేనమామను వచ్చినట్టు మండపంలో నిలబెడతాడు. వచ్చి, భోజనాల దగ్గర గొడవపడి పోయిన బావగారిని, ఆయన నిలబడిన చోట పూలదండ కూడా కదలకుండా మాయం చేస్తాడు. ఎంతమందిని కలిపినా, విడదీసినా, తన సంగతి తాను చెప్పుకోవడం మాత్రం అతనికి రాదు.

జగ్గయ్యపేట మ్యూజియం దశరథరామయ్య గారిది. యాభై ఏళ్లు అక్కడ స్టూడియో నడిపారు. జనం సెల్‌ఫోన్లలోనే ఫొటోలు దిగడం మొదలెట్టాక అది మూతపడింది. అవే గదుల్లో పాత కెమెరాలు, నెగటివ్‌లు, తీయించుకున్నవాళ్లు తీసుకెళ్లకుండా వదిలేసిన ఫొటోలు పేర్చి మ్యూజియం అని బోర్డు పెట్టారు. సభ్యులు నలభై ఒక్కమంది. వాళ్లకి ఆదివారాలు ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. ఒక వారం చీకటిగదిలో ఫిల్మ్ కడగడం, ఒక వారం ఇంట్లో పాత ఫొటోలు తెచ్చి అందులో ఎవరెవరో పోల్చుకోవడం, ఒక వారం కెమెరాలు మెళ్లో వేసుకుని ఊరి బయట నడక. ఇదంతా చూసుకునేది ఆయన తమ్ముడి మనవరాలు లహరి.

భవానీప్రసాద్ పద్నాలుగో నంబరు సభ్యుడు. ఆర్నెల్లుగా ఒక్క ఆదివారం తప్పలేదు. చీకటిగదిలో ఎర్ర బల్బు కింద గంటసేపు ఆమె భుజం పక్కనే నిలబడి, బయటికొచ్చాక "డెవలపర్ కొంచెం చల్లగా ఉందండి" అని ఇంటికొచ్చిన ఘనుడు. మున్నేటి నడకకి మాత్రం ఓ పెళ్లి ఆల్బమ్ తొందరవల్ల పోలేకపోయాడు. సరిగ్గా ఆ రోజే వాన. ఆ రోజే గొడుగు.

తర్వాతి ఆదివారం మ్యూజియం మెట్ల దగ్గరే లహరి ఎదురైంది.

"నడకకి రాలేదేంటండీ?"

"పనుంది. అయినా మీకు గొడుగు దొరికిందటగా."

"ఏ గొడుగు?"

"ఏమో. నందిగామంతా అదే చెప్పుకుంటున్నారు."

"నందిగామకి వేరే పన్లేదా?" లహరి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఆ గొడుగు కెమెరాకి పట్టానండీ. సతీష్‌బాబు గారి కొత్త కెమెరా. కెమెరా తడవలేదు, నేను తడిసా. మూడ్రోజులు జలుబు. అది కూడా చెప్పుకోమనండి మీ నందిగామని."

నమ్మాలనే అనుకున్నాడు. దాదాపు నమ్మాడు కూడా. ఇంతలో ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి సతీష్‌బాబు వచ్చాడు. ఆరడుగుల మనిషి. ఇస్త్రీ మడత చెడని చొక్కా.

"హాయ్ లహరీ. జలుబు తగ్గిందా?"

'లహరి గారూ' అనలేదు. 'లహరీ' అన్నాడు. ఆర్నెల్ల నుంచి భవానీప్రసాద్ మోస్తున్న 'గారు'ని ఇతగాడు రెండో నెలకే దించేశాడు. అక్కడితో నమ్మకం పోయింది.

ఆ రోజు ప్రత్యేక కార్యక్రమం. మ్యూజియం పెట్టి రెండేళ్లవుతోందని లహరి ఒక ఎగ్జిబిషన్ తలపెట్టింది. గోడల మీది పాత ఫొటోల్లోంచి పది జంట ఫొటోలు తీసింది. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు, స్నేహితులు, భార్యాభర్తలు. ఇరవై చీటీలు. ఒకే నంబరు వచ్చిన ఇద్దరూ ఆ పాత ఫొటోలో వాళ్లలాగే, అదే పాత బొమ్మల తెర ముందు నిలబడాలి. కొత్త ఫొటో, పాత ఫొటో పక్కపక్కన పెడతారు. పాత ఫొటో తాలూకు కుటుంబాన్ని పిలిచి వాళ్లచేతే తెరిపిస్తారు.

లహరి చీటీ విప్పింది. "నాకు ఏడు."

భవానీప్రసాద్ తనది విప్పాడు. ఏడు.

ఏడో నంబరు యాభై ఏళ్ల కిందటి భార్యాభర్తలు. ఆమె కుర్చీలో కూర్చుంది. తలమీద కొంగు. పక్కన ఆయన కోటు వేసుకుని, కుర్చీ వెనక చెయ్యి ఆనించి నిలబడ్డాడు. భవానీప్రసాద్ ఆ కుర్చీనీ, లహరినీ మార్చి మార్చి చూశాడు. నోరు తెరవబోయాడు.

"ప్రసాద్ గారూ, ఏడు మీకొచ్చిందా?" సతీష్‌బాబు మెడ చాచి చూశాడు. "మార్చుకుందామా? నాకు కొండలరావు మాస్టారితో మూడొచ్చింది. అన్నదమ్ములు, ఇద్దరూ పంచెల్లో ఉన్నారు. నాకు పంచె నిలవదండీ. ఏడులో ఆయన కోటేసుకున్నాడు. నాకు కోటుంది. మీకుందా?"

భవానీప్రసాద్‌కి కోటు లేదు. లహరి అతని వంకే చూస్తోంది. వద్దు అంటే సరిపోయేది. కోటు లేకపోతేనేం అన్నా సరిపోయేది. కానీ గొడుగూ, పోయిన 'గారూ' గొంతుకి అడ్డంపడ్డాయి.

"తీసుకోండి. నాకు ఎవరి పక్కన నిలబడితే ఏంటి."

లహరి తన చీటీని రెండుగా మడిచింది. నాలుగుగా మడిచింది. ఇంక మడత పడనంత చిన్నదయ్యాక హ్యాండ్‌బ్యాగులో పడేసింది.

మధ్యాహ్నానికి అందరూ ఎవరి వేషం వాళ్లు వేసుకొచ్చారు. కెమెరా కొత్తదే గానీ, దశరథరామయ్య గారు దాన్ని పాత చెక్క స్టాండు మీద పెట్టి, పాత గొంతుతోనే ఫొటోలు తీశారు. ముందు అన్నదమ్ములు. కొండలరావు మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి.

"రొమ్ము ముందుకి పెట్టవోయ్. నా తమ్ముడు ఇట్టా గూనిగా ఉండడు."

"పెట్టానండి."

"తమ్ముడు నవ్వుతున్నాడు ఫొటోలో. నవ్వు."

"రావట్లేదండి."

తర్వాత ఏడో నంబరు. లహరి తలమీద కొంగు కప్పుకుని కుర్చీలో కూర్చుంది. సతీష్‌బాబు కోటు గుండీలు పెట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఇంకాస్త దగ్గరికి రా బాబూ," అన్నారు దశరథరామయ్య గారు. "మొగుడివయ్యా నువ్వు, పక్కింటాయనవి కాదు."

అందరూ నవ్వారు. పంచె కట్టుకున్న తమ్ముడు తప్ప.

ఫొటోలన్నీ ప్రింటు వేసి, ఫ్రేములు కట్టే పని ఎప్పటిలాగే భవానీప్రసాద్‌కే వచ్చింది. మంగళవారం మధ్యాహ్నం స్టూడియోలో ఏడో నంబరు తెరిచాడు. లహరి నవ్విందా? పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేశాడు. పెదవి చివర ఏదో ఉంది. నవ్వో, నీడో తేలలేదు. సతీష్‌బాబు వేళ్లకీ ఆమె భుజానికీ మధ్య ఎంత దూరముందో కొలిచాడు. తక్కువుంది.

ఆ తర్వాత చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ముందు వేళ్లు పోయాయి. తర్వాత కోటు, తర్వాత ఇస్త్రీ చొక్కా కాలరు, తర్వాత ఆరడుగులూ పోయాయి. వెనక తెరలోని మెట్లూ, పూలకుండీ ఒక్కో గీతా కలుపుకుంటూ తిరిగి గీశాడు. నేలమీద నీడ కూడా వదల్లేదు. అతను చేసినవాటిలో అంత శుభ్రమైన పని ఇంకోటి లేదు. అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఆలోచించుకోలేదు.

శనివారం బుద్ధి తిరిగి వచ్చింది. అసలు ఫొటో వేరే ప్రింటు తీద్దామని లేచాడు. అదే నిమిషంలో సభ్యుల వాట్సాప్ గ్రూపులో సతీష్‌బాబు కోటుతో ఉన్న తన ఫొటో పెట్టి, 'రేపే మా ఏడో నంబరు' అని రాశాడు. 'మా' దగ్గర భవానీప్రసాద్ చూపు ఆగిపోయింది. మళ్లీ కూర్చుని, ఫ్రేముకి మేకులు కొట్టి, మిగతావాటిలాగే పైన న్యూస్‌పేపరు అంటించేశాడు.

ఆదివారం పదకొండింటికి మ్యూజియం కిటకిటలాడింది. పాత ఫొటోలు గోడకి కనిపిస్తున్నాయి. పక్కన కొత్తవాటిమీద న్యూస్‌పేపర్లు అంటించి ఉన్నాయి. ఒక్కో కుటుంబం వచ్చి చింపుతుంటే చప్పట్లు. మూడో నంబరు చింపినప్పుడు, "ఈ తమ్ముడికి పంటినొప్పా?" అని ఎవరో అడిగారు.

"ఏడో నంబరు," అంది లహరి. "హఫీజున్నీసా గారూ, రండమ్మా."

భవానీప్రసాద్ తల తిప్పి చూశాడు. ఆ ఫొటోలో కూర్చున్న మనిషి బతికే ఉందని అతనికి తెలీదు. డెబ్బై దాటిన మనిషి, మనవరాలు నజ్మా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. ముందు పాత ఫొటో దగ్గర ఆగింది.

"నజ్మా, ఇది నేనే. అప్పట్లో మొగుళ్లు కూచునేవాళ్లు, పెళ్లాలు నిలబడేవాళ్లు. నేను కడుపుతో ఉన్నానని మీ తాత కుర్చీ నాకిచ్చి తను నిలబడ్డాడు. మీ నాన్నే అప్పుడు కడుపులో."

అని, పేపరు చింపింది.

కొంగు కప్పుకుని కుర్చీలో లహరి. పక్కన మెట్లు, పూలకుండీ. మనిషి లేడు.

"నేనేడీ?" అన్నాడు సతీష్‌బాబు.

ఆమెకి ఆ మాట వినపడలేదు. ఖాళీ ఉన్నచోట అద్దం మీద వేళ్లు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"మా ఆయన మొన్న రంజాన్‌కి ముందే పోయాడు. మీకెట్టా తెలిసిందమ్మా? ఆయన చోటు ఆయనకే ఉంచారు. ఇంకెవర్నీ నిలబెట్టలేదు."

నజ్మా చున్నీతో కళ్లు తుడుచుకుంది. కొండలరావు మాస్టారు చప్పట్లు మొదలెడితే గదంతా అందుకుంది. సతీష్‌బాబు కూడా రెండు కొట్టి, "నాకొక మాట చెప్పాల్సింది" అన్నాడు.

"ఎవరిదమ్మా ఈ ఆలోచన?" దశరథరామయ్య గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు.

లహరి భవానీప్రసాద్ దగ్గరికి వచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి.

"ప్రసాద్ గారూ, చీటీ ఇచ్చేసినప్పుడు మిమ్మల్ని చాలా తక్కువగా అనుకున్నానండీ."

ఆర్నెల్లలో ఆమె అతన్ని అలా చూడటం ఇదే మొదటిసారి. ఇప్పుడతను చెయ్యాల్సింది ఏమీ లేదు. నోరు మూసుకుని, తల కాస్త వంచి నిలబడితే చాలు. ఆ పని అతనికి బాగా వచ్చు కూడా. కానీ ఆ పెద్దామె వేళ్లు ఇంకా అద్దం మీదే ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు ఆమెతో. "మీ ఆయన సంగతి నాకు తెలీదండి. ఫొటోలో మనిషిని ఆయన కోసం తీసెయ్యలేదు."

వెనకెక్కడో ఒకరి చప్పట్లు ఆలస్యంగా ఆగాయి.

"మరెందుకు తీసేశారు?" అంది లహరి.

"సతీష్‌బాబు గారు మీ పక్కన ఉన్నారు. చూళ్లేకపోయా."

"నేనేం చేశానండీ?" అన్నాడు సతీష్‌బాబు.

లహరి కళ్లలో నీళ్లు అక్కడే ఆరిపోయాయి. "చూళ్లేకపోయావా? అడిగిన వెంటనే చీటీ తీసి ఇచ్చింది నువ్వు. ఎవరి పక్కనైతే ఏంటి అన్నది నువ్వు."

"నాకు కోటు లేదండి."

"ఆ ఫొటోలో ఆయనకి మాత్రం ఉందా? అది స్టూడియో కోటు. ఊళ్లో పెళ్లికొడుకులంతా దాన్నే వేసుకుని దిగారు. అదిగో, అద్దాల బీరువాలో ఉంది. ఆర్నెల్ల నుంచి దాని ముందే నిలబడి కాఫీ తాగుతున్నావు. ఒకసారైనా చదివావా కింద రాసింది?" ఆమె ఊపిరి తీసుకుంది. "నాకు ఏడొచ్చి, నీకు ఏడొచ్చిందని నేనెంత..." మిగతాది మింగేసింది. "ఆ చీటీ ఇంకా పారెయ్యలేదు నేను. పిచ్చిదాన్ని."

భవానీప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియక, తెలిసిన పనికే దిగాడు. గోడ దగ్గరికి పోయి ఫ్రేము దించబోయాడు.

"క్షమించండమ్మా. అసలుది నా దగ్గరుంది. సతీష్‌బాబు గారిని మళ్లీ పెట్టి, సాయంత్రానికల్లా తెస్తా."

"చెయ్యి తియ్యి," అంది హఫీజున్నీసా.

తీశాడు.

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. లహరిని చూసింది. కళ్లు ఒత్తుకున్న కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఈ పిల్లంటే ఇష్టమా నీకు?"

గదిలో నలభైమంది. గోడల మీద ఇంకో రెండొందలమంది.

"ఇష్టమేనండి."

"చెప్పావా ఎప్పుడన్నా?"

"లేదండి. ఎట్టా చెప్పాలో తెలీక, ఆయన్ని తీసేశా."

"ఆరడుగుల మనిషిని తీసెయ్యడానికి తెలిసింది గానీ, ఆ చోట్లో నువ్వొచ్చి నిలబడ్డానికి తెలీలేదా?"