చివరి జొన్నామ్ ప్లేటు

"నెమ్మదిగా! అది సీలు, మీ పగవాడి తల కాదు!"

డేగు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు, ఒక కారు వెనక గొంతుక్కూర్చుని, ప్లేటు ఎడమ బోల్టు మీదున్న సర్కారు సీలును ఉలితో పగలగొడుతున్న, ప్లేట్లు బిగించే తేషిక్ తలెత్తి చూశాడు. నడుం మీద చేతులేసుకుని ఓక్జు. మోక్‌పో నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చింది. కాపురం మారితే ప్లేటూ మారాలి. పచ్చ రేకు మీద "జొన్నామ్" అనే తన ప్రాంతం పేరు పోయి "డేగు" రావాలి. ఆ రెండు ప్రాంతాలకీ ఏళ్ల తరబడి పడదు.

"మేడం, ఈ ఊళ్లో ఆ పేరు తగిలించుకు తిరిగితే వెనక నుంచి హారన్లే హారన్లు. మీ మేలు కోరే తీస్తున్నా."

"కొట్టేవాళ్లలో మీరూ ఉన్నారా?"

"నాది డొక్కు ట్రక్కండీ. హారనే లేదు."

ఆమె ఫక్కున నవ్వింది. అంతలో వాన. రేకుల షెడ్డు కింద నిలబడి, తిరిగి ఇచ్చెయ్యాల్సిన పాత ప్లేటును రుమాలుతో శుభ్రంగా తుడిచింది. తేషిక్ మనసు పారేసుకున్నది అక్కడే.

ఆ తర్వాత వారానికోసారి ఆమె కారు వెనక బోల్టు వదులయ్యేది. సీలేసిన బోల్టు వదులు కాదని ఇద్దరికీ తెలుసు.

డిసెంబరు మొదట్లో ముఖం వేలాడేసుకుని వచ్చింది. "నాన్నకి మన సంగతి చెప్పా. డేగు ప్లేటు బండి మా వాకిట్లో ఆగడానికి వీల్లేదన్నాడు. అల్లుడిదైతే అసలే వద్దట."

"మరి నీ కారు?"

"ఊరెళ్లినప్పుడు సందు చివర దాచి నడిచెళ్తున్నా."

తేషిక్ నవ్వాపుకోలేకపోయాడు.

"నవ్వకు! జనవరి ఒకటి నుంచి కొత్త ప్లేట్లకి ఊరి పేరే ఉండదట. అప్పటిదాకా ఆగు."

సర్కారు రేకు మీది పేరైతే తీసేసింది. మనుషుల బుద్ధి మార్చే ఆఫీసు మాత్రం ఇంతవరకూ ఎక్కడా తెరవలేదు.

"పేరు చెరిపేశాక దొంగలా రానా? పేరుండగానే వస్తా" అన్నాడు తేషిక్.

అన్నవాడు ఊరుకోలేదు. మోక్‌పోలో ఒక ప్లేట్ల షాపులో పని వెతుక్కుని, గది తీసుకుని, చిరునామా మార్చేశాడు. పిల్ల డేగులో, వీడు మోక్‌పోలో! ఓక్జు ఫోన్లో తిట్టని తిట్టు లేదు.

డిసెంబరు ముప్పై ఒకటి మధ్యాహ్నం, సెలవుకి ఇంటికొచ్చిన ఓక్జు కిటికీలోంచి చూస్తుండగా, డొక్కు ట్రక్కు వాళ్ల వాకిట్లోకి వచ్చి ఆగింది. పెద్దాయన వలలు పక్కనపడేసి, వంగి ప్లేటు చదివాడు. జొన్నామ్.

"రేపట్నుంచి పేరే ఉండదు కదరా, తిక్కలోడా! ఒక్కరోజు ఆగలేకపోయావా?"

"రేపైతే ఎవడైనా వస్తాడు మామయ్యా."

పెద్దాయన కొత్త సీలును బొటనవేలితో తడిమాడు. తర్వాత ఇంట్లోకి కేకేశాడు.

"ఓక్జూ! సందు చివర దాచిన నీ డేగు కారు తెచ్చి, ఇదిగో, వీడి పక్కన పెట్టు!"