పక్కగదిలో హెడ్మాస్టరు

"ఆ ముక్కల ఇంగ్లీషు నా చెవిన పడటానికి వీల్లేదు! ఆపెయ్ ఆ ఫోను!"

మామగారి గర్జనకు వంటింట్లో గిన్నెలు సైతం ఉలిక్కిపడ్డాయి. కోడలు ఫోను శబ్దం తగ్గించింది. ఆసుపత్రిలో ఆరేళ్ళుగా ఆయాగా నేల తుడుస్తున్న ఆమెకు, నర్సులకు సహాయకురాలిగా శిక్షణ పొందే అవకాశం ఎట్టకేలకు లభించింది. రేపే ఎంపిక పరీక్ష; రోగిని ఇంగ్లీషులో ప్రశ్నలడిగి చూపాలి. ఈ ఆన్‌లైన్ ఇంగ్లీషు తరగతి ఆఖరిది. రెండు నెలలుగా ఆమె మైకు ఒక్కసారైనా తెరవలేదు... నలభై ఏళ్ళు ఇంగ్లీషు బోధించిన హెడ్మాస్టరు పక్కగదిలో ఉండగా, ఏ కోడలికి నోరు పెగులుతుంది!

"బళ్ళో పిల్లల్ని హడలగొట్టింది చాలలేదూ?" అత్తగారు అడ్డుపడింది. "ఇంట్లో కూడానా మీ బెత్తం? నువ్వు కానియ్యమ్మా."

తెర మీద టీచరు, నొప్పి గురించి రోగిని ఎలా విచారించాలో గబగబా వివరించి, అందరికీ అర్థమైందా అని అడిగింది.

"యెస్ మేడమ్!" ఇరవై గొంతులు ఒక్కటయ్యాయి.

ఆ మాటే ఆమె నాలుక చివరికీ వచ్చింది. కానీ... మంచం మీద మూలుగుతున్న మనిషి బాధను ఉద్యోగంలో తాను డాక్టరుకు తప్పుగా చెబితే? తన సిగ్గుకు ఆ ప్రాణి విలవిల్లాడాలా? గుమ్మంలో మామగారి నీడ పడింది. అయినా ఆమె వేలు ఆగలేదు. మైకు తెరిచింది!

"మేడమ్... ఐ నాట్ అండర్‌స్టాండ్. వన్స్ మోర్, స్లో, ప్లీజ్. పేషెంట్‌ని ఎలా అడగాలి మేడమ్?"

ఆమె కళ్ళు మూసుకుంది.

"మేడమ్, నాకూ అర్థం కాలేదు!" ఎవరిదో గొంతు. "నాకు కూడా!" మరొకటి. ఆపైన ఇంకొకటి! చూస్తూండగానే తెర నిండా చేతులు లేచాయి. టీచరు నవ్వి, పాఠాన్ని మొదటినుంచి, నింపాదిగా అందుకుంది.

తరగతి ముగిసింది. మామగారు ఇంకా గుమ్మం పట్టుకునే ఉన్నారు.

"తప్పులు మాట్లాడాను మావయ్యగారూ... క్షమించండి."

"అవును. మూడు దొర్లాయి." ఆయన తల దించుకున్నారు. "నలభై ఏళ్ళమ్మా! ఒక్క పిల్లవాడు లేచి, అర్థం కాలేదు మాస్టారూ అన్న పాపాన పోలేదు. నా పాఠం అంత గొప్పదని మురిసిపోయాను! ఎందరు నోరు నొక్కుకుని కూర్చున్నారో... నువ్వు నన్ను ఎదురుగా పెట్టుకుని అడిగావు! ఎలా అడిగావమ్మా?"

ఎత్తిపొడవడానికి అంతకు మించిన అదను దొరకదు. అయినా అత్తగారు మంచినీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

ఆయన వెళ్ళి మంచం మీద వెల్లకిలా పడుకున్నారు.

"నేను రోగిని. రేపటి పరీక్షకు... అడుగు."

ఆమె బెరుకుగా మొదలుపెట్టింది. రెండో ప్రశ్నకు తల ఎత్తింది. నాలుగో ప్రశ్నకు, ఇంటిల్లిపాదీ జంకే ఆ ముఖంలోకి సూటిగా చూసింది. తప్పు దొర్లినప్పుడల్లా ఆయన పెదవులు అలవాటుగా కదిలాయి... కానీ దిద్దలేదు. జవాబే చెప్పారు!