చివరి ఇసుక మూట

“ఈ బండి మీద ఏనుగేమైనా కూర్చుందా?”

వంకరపోయిన చక్రాన్ని చూసి మెకానిక్ అడిగాడు. అతను నేల మీద వెల్లకిలా పడుకుని, ఇంకో ఎలక్ట్రిక్ బండి కింద నట్టు బిగిస్తున్నాడు. అక్కణ్ణించి అతనికి ఆ చక్రమూ, దాని పక్కన రెండు తెల్ల బూట్లూ మాత్రమే కనిపిస్తున్నాయి.

“కూర్చుంది. ఇప్పుడు మీ ముందు నిలబడి ఉంది,” అన్నాయి బూట్లు.

మెకానిక్ గబగబా బయటికి జరిగి తలెత్తాడు. సరిపోలేదు. ఇంకా ఎత్తాడు. నర్సు యూనిఫాంలో ఒక అమ్మాయి, షట్టరు తగలకుండా తల కాస్త వంచుకుని నిలబడి ఉంది. పొడవుకు తగ్గ లావు. లావుకు తగ్గ కోపం.

“సారీ అండి. నేను అన్నది బండిని.”

“బండిని ఏనుగంటారా మీ షాపులో?”

“లేదండి.”

“మరి?”

 మెకానిక్ చేతిలోంచి స్పానరు జారిపోయింది. ఆమెకు నవ్వు రాబోయింది గానీ, వచ్చిన పని గుర్తొచ్చి ఆపుకుంది.

ఆమె కొండ కింద ఉన్న ఆరోగ్య కేంద్రంలో నర్సు. కొండ మీది ఇళ్ళకు వెళ్ళి, కదల్లేని వాళ్ళకు కట్లు కట్టి, ఇంజెక్షన్లు చేసి రావడం ఆమె పని. ఆ సందుల్లోకి కారు పట్టదు. అందుకని కేంద్రం ఎలక్ట్రిక్ బళ్ళు ఇచ్చింది. అన్నీ ఒకటే సైజు. కూర్చుంటే ఆమె మోకాళ్ళు హ్యాండిల్‌కు కొట్టుకునేవి. నిన్న వెనక చక్రం కూడా చేతులెత్తేసింది.

“నెలాఖరులోగా నా అంతట నేను పైకి ఎక్కగలనని చూపించాలి. లేకపోతే ఆ డ్యూటీ ఇంకొకళ్ళకిచ్చి, నన్ను ఆఫీసులో అద్దం వెనక కూర్చోబెడతారట. నా సైజుకి బండి ఉందా?”

కౌంటరు దగ్గరున్న షాపు పెద్దాయన, అంటే మెకానిక్ వాళ్ళ నాన్న, తల అడ్డంగా ఊపాడు. “లేదమ్మా. నీలాంటి వాళ్ళు ఎక్కడో ఒకరుంటారు. ఆ ఒక్కరి కోసం ఎవరు చేస్తారు చెప్పు?”

“నేను చేస్తాను,” అన్నాడు మెకానిక్.

పెద్దాయన కొడుకు వంక చూశాడు. కొడుకు తన స్పానరు వంక చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నాడు. చేతి పొడవు, కాలి పొడవు, నడుం నుంచి భుజం దాకా. టేపు ఆమెకు తగలకుండా కొలవాలని చూసి, రెండు సార్లు గాలిని కొలిచాడు.

“ఇక బరువు చెప్పండి.”

ఆమె గోడ వైపు తిరిగి ఒక అంకె చెప్పింది.

ఆ అంకె అబద్ధం కాదు. ఆమెదే. కాకపోతే తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటిది. ‘ఎవరడిగినా తగ్గించి చెప్పు, వాళ్ళ సొమ్మేం పోయింది’ అని వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఆమెకు అదే అలవాటైపోయింది.

మెకానిక్‌కూ ఒక అలవాటుంది. బండి తయారయ్యాక, నడిపేవాళ్ళ బరువెంతో అంత ఇసుక తూచి మూటల్లో నింపుతాడు. వాటిని సీటు మీదా, రెండు పక్కలా కడతాడు. మోటారు వేసి, పక్కనే హ్యాండిల్ పట్టుకుని కొండ ఎక్కిస్తాడు. కొత్త పెళ్ళికూతుర్ని నడిపించుకెళ్తున్నావా అని దారిలో అందరూ ఏడిపిస్తారు. అయినా ఆ పరీక్ష నెగ్గకుండా షాపులోంచి ఏ బండీ బయటికి పోదు.

ఆమె బండి కూడా నెగ్గింది.

మొదటిసారి దాని మీద కూర్చుని ఆమె కాళ్ళు ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుంది. మోకాళ్ళు దేనికీ తగల్లేదు. వీపు నిటారుగా ఉంది.

“బాలేదా అండి?” కంగారుగా అడిగాడు మెకానిక్.

“నాకు కాళ్ళున్నాయని ఏ బండీ ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు,” అంది. అప్పుడు చూసింది అతని వైపు. ఆ చూపు తనకో బండికో తెలియక, అతను రెండింటి తరఫునా నవ్వాడు.

కానీ కొండ మూడో మలుపులో మోటారు వేడెక్కి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ఆమె బండిని కిందికి నడిపించుకుంటూ, తడిసి ముద్దై వచ్చింది.

“తప్పు నాదేనండి,” అన్నాడతను. వైర్లు మార్చాడు, మోటారు విప్పి మళ్ళీ బిగించాడు. రెండోసారీ అదే మలుపులో ఆగింది.

“మీకు పని రాదని ఒక్క మాట చెప్పేయండి, పోతాను!” షాపు ముందే అరిచింది ఆమె. “పైన టీచరమ్మ కాలి పుండుకి రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. ఆవిడ నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనివ్వదు. మీకిదంతా ఆటగా ఉందా?”

 అతను పాత మూటలు తెచ్చి బండికి కట్టాడు. ఆమె కళ్ళ ముందే కొండ ఎక్కించాడు. మొదటి మలుపు, రెండోది, మూడోది. బండి ఎక్కడా ఆగలేదు.

కింద నిలబడ్డ ఆమెకు అర్థమైంది. తిరిగి వస్తున్న అతనికీ అర్థమైందని ముఖం చూడగానే తెలిసింది. ఎండ లేకపోయినా ఆమె చెంపలు మండాయి. ఇప్పుడు ఏమంటాడు? నవ్వుతాడా?

అతను బండికి స్టాండు వేసి మూటల్ని తడిమాడు.

“ఇసుకదండీ తప్పు. తూచినప్పుడు తడిగా ఉంది. ఆరాక తేలికైపోయింది. మళ్ళీ నింపుతాను. తూకం గొడవ లేకుండా, మీరు చాలనే దాకా పోస్తాను.”

అని ఆమెకు వీపు తిప్పి పార అందుకున్నాడు.

ఒక పార. ఇంకో పార. ఆమె నోరు విప్పలేదు. పాత అంకె దాటిపోయింది. ఇక్కడ ఆపేస్తే పరువు దక్కుతుంది. కానీ ఆఫీసు అద్దం గుర్తొచ్చింది. టీచరమ్మ గుమ్మంలో చాపుకుని కూర్చునే కాలు గుర్తొచ్చింది. పిడికిళ్ళు బిగించుకుని నిలబడింది. మూట మీద మూట నిండింది.

“చాలు,” అంది చివరికి. వెంటనే, “కాదు. ఇంకో రెండు పారలు వెయ్యండి. ఇప్పుడు చాలు.”

అతను తిరగకుండానే తల ఊపి, మూటలన్నీ కట్టాడు. తర్వాత మూల నుంచి ఇంకో పెద్ద మూట ఈడ్చుకొచ్చి, వెనక క్యారియర్ మీద పెట్టాడు.

“అదెందుకు? నేను చాలన్నాను కదా!”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “అది... ఉంటే మంచిదండి.”

“నేను చెప్పింది నమ్మలేదన్నమాట.”

“అయ్యో, అది కాదండి...”

ఆమె అప్పటికే వెళ్ళిపోయింది.

ఇంట్లో తన కోసం ప్రత్యేకంగా చేయించిన ఇనప కుర్చీలో కూలబడింది.

“ఏమైందే?” అంది తల్లి.

“నిజం చెప్పానమ్మా. అతను నమ్మలేదు. పైన ఇంకో మూటేశాడు.”

“నిజం అంటే... ఎంతా?”

“అంతా.”

తల్లి నోరు తెరిచింది. “నాకే ఎప్పుడూ చెప్పలేదు కదే! నవ్వాడా?”

“లేదు. వీపు తిప్పుకున్నాడు.”

తల్లి వచ్చి పక్కన కూర్చుంది. “వీపు తిప్పుకున్నవాడు మంచివాడేనే. ఆ మూట సంగతేదో వాణ్ణే అడుగు.”

పరీక్ష రోజున బండి ఆరోగ్య కేంద్రం ముందు సిద్ధంగా ఉంది. కొత్త మోటారు, లావుపాటి చక్రాలు, రెండో బ్యాటరీ. పక్కన మెకానిక్. ఆమె అతనితో మాట్లాడలేదు. మందుల సంచి తగిలించుకుని బండెక్కింది.

మూడో మలుపు దగ్గర మోటారు గొంతు మారింది.  ఆమె హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, “ఎక్కి తీరతాం, ఆగావో చూడు,” అంది బండితో. బండి ఆగలేదు. మలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

పైన టీచరమ్మ గుమ్మంలో, పరీక్ష చూడ్డానికి వచ్చిన హెడ్ నర్సు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. టీచరమ్మ కాలు చాపుకుని కూర్చుంది.

“ఇప్పుడా రావడం?” అని కసిరింది టీచరమ్మ.

కట్టు మార్చడం పూర్తయ్యే దాకా హెడ్ నర్సు పక్కనే నిలబడి చూసింది. తర్వాత, “రేపటి నుంచి ఈ కొండంతా నీదే,” అంది.

ఆమె బయటికి వచ్చేసరికి మెకానిక్ గోడ పట్టుకుని రొప్పుతున్నాడు. కింద నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఆగలేదు కదండీ?”

“ఆగలేదు. కానీ ఆ చివరి మూట ఎందుకేశారో చెప్పందే ఇక్కణ్ణించి కదలను.”

“అది మీ బరువు కాదండి.”

“మరెవరిది?”

అతను వెనక క్యారియర్ వైపు చూశాడు. ఇసుక మూట ఉన్న చోట ఇప్పుడు ఒక చిన్న మెత్తటి సీటు ఉంది. ఆమె దాన్ని అప్పటిదాకా గమనించలేదు.

“నాది,” అన్నాడు. “ఎప్పుడైనా మీరు ఎక్కమంటే... నా వల్ల మీ బండి ఆగిపోకూడదు కదండీ.”

ఆమె సీటు మీద చెయ్యి పెట్టి నొక్కి చూసింది. ఆరోజు అతని చెవులు ఎందుకు ఎర్రబడ్డాయో ఇప్పుడు తెలిసింది. కావాలంటే ఇప్పుడూ చూడొచ్చు, అలాగే ఉన్నాయి.

“మీ బరువు నిజంగా అంతేనా? నాలాగా తొమ్మిదో తరగతి లెక్క కాదు కదా?”

“ఒట్టండి. పొద్దున్నే తూచుకున్నాను.”

ఆమె పగలబడి నవ్వింది. “ఈ అండీలు ఇంక చాలు. ఎక్కు. పై వీధిలో ఇంకో పేషెంటున్నారు. అక్కడ ఇంతకంటే నిటారుగా ఉంటుంది దారి.”

అతను ఎక్కి కూర్చున్నాడు. చినుకులు మొదలయ్యాయి. ఆమె ఫోన్ మోగింది. తల్లి.

“ఎక్కావా?”

“ఎక్కానమ్మా. ఉద్యోగం నాదే. ఇంకా పైకి వెళ్తున్నాం.”

“వెళ్తున్నామేంటే? నీ వెనక ఎవరున్నారు?”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అతను ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

“మూట,” అంది.



“సరే. దారంతా తడిగా ఉంటుంది, మెల్లగా నడుపు,” అంది తల్లి. “కిందికి దిగేటప్పుడు మూటను తిన్నగా ఇంటికే తీసుకురా. నేనూ చూడాలి.”