ఎస్తేరుకు చేరని సమీక్ష

పొద్దున్నే పార్శిల్ వచ్చింది. పేరిందేవి మూత తీసి చూసి, "ఖర్మ!" అని నుదురు కొట్టుకుంది. పెట్టెనిండా గొట్టం కాజాలు. మూతకు అతికించిన చిన్న పలక వెలిగి, తియ్యగా మాట్లాడింది.

"అమ్మా, నేను ఎస్తేరునండి. నా కొత్త ఆల్బం గురించి ఎంత బాగా రాశారండీ! మా అమ్మైతే చదివి ఏడ్చేసిందండి, సంతోషంతో. ఆదివారం సముద్రం ఒడ్డున తెల్లవార్లూ పాడుతున్నాను. మీరు తప్పకుండా రావాలండి."

ఎంత బాగా రాసిందో పేరిందేవికి గుర్తులేకపోలేదు. నిన్నటి పత్రికలో ఆవిడ రాసింది ఇదీ: "ఈ అమ్మాయి పాడటం లేదు, గొంతు చీరుకుంటోంది. పై స్వరం అందుకునే చోట మొదటి ఆల్బంలో వెంట్రుకవాసి జీర ఉండేది. ఈ ఆల్బంలో అక్కడ గొంతు నిలువునా పగులుతోంది. అదే శైలి అనుకుని ఇంకా సాగదీస్తోంది. ఇలాగే పాడితే త్వరలో పాడటానికి గొంతంటూ ఉండదు."

దీనికి కాజాలు పంపుతారా ఎవరైనా!

ఇది మొదటిసారి కూడా కాదు. అంతకుముందు ఆల్బంను ఉతికి ఆరేసినప్పుడూ ఈ పిల్ల ఫోన్ చేసింది. ఆ తర్వాతా రెండుసార్లు చేసి, మెచ్చుకోళ్ళు కురిపించి పెట్టేసింది. పేరిందేవి పొడిపొడిగా "సంతోషం" అని ఊరుకుంది. పోనీ ఈమె ఒక్కతేనా! కిందటి వారం భజనలకు డప్పు ర్యాప్ కలిపిన కుర్రాళ్ళను "తాళం చచ్చింది, దేవుడే కాపాడాలి" అని ఏకిపారేస్తే, పూలగుత్తి పంపారు. వీణ మీద యంత్రపు మోత మోగించిన ఆయన్ని "వీణకు నోరుంటే పోలీసులకు ఫోన్ చేసేది" అంటే, ఆయన ఇంటికొచ్చి దండం పెట్టాడు. సిగ్గూ శరమూ లేని జాతి అనుకుంది పేరిందేవి. నోరు నొప్పెట్టేలా తిట్టినా తుడిచేసుకుని పోతుంటే, ఇక తిట్టడం దేనికి?

ఇంతలో పై అంతస్తు రామభద్రం కిటికీలోంచి వంగి, మొహమంతా ఎర్రగా చేసుకుని, చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు. ఆవిడ చెవిలో మాత్రం ఆ మాట నునుపుగా పడింది: "పేరిందేవి గారూ, మీ మొక్కల నీళ్ళు మా బాల్కనీలోకి కూడా వస్తున్నాయి. ఎంత చల్లగా ఉందో!"

"వస్తాయిలెండి!" అంది ఆవిడ విసుగ్గా. ఆయనకు అదెలా వినిపించిందో, చేతులు జోడించి లోపలికి పోయాడు.

ఆ పని చెవిపూసది. ప్రభుత్వం పెట్టిన పేరు మృదుశ్రవణి. కాకినాడలో ఆ పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. కందిగింజంత ఉంటుంది, పుట్టిన ఏడాదిలోపే చెవిలో కూర్చోబెడతారు. అది లేనిదే ఫోన్ మోగదు, తలుపు తెరుచుకోదు. మనసు నొప్పించే మాట ఏదొచ్చినా దారిలోనే పట్టుకుని మెత్తగా మార్చి చెవిలో వేస్తుంది. మాటనే కాదు, గొంతునూ సాపు చేస్తుంది. అరుపు, బొంగురు, ఏడుపు జీర, అన్నీ పోయి అందరి గొంతూ వెన్నపూసే. పలకల మీద రాతకూ ఇదే మర్యాద. ఊళ్ళో కొట్లాటలు తగ్గాయి, నిజమే. సంగీతం జోలికి మాత్రం అది పోదు. కళాకారుల సంఘం ధర్నాలు చేసి సాధించుకున్న మినహాయింపు అది. పాట ఎలా ఉంటే అలాగే వినిపిస్తుంది.

విమర్శకులకు యథాతథ ముద్ర ఉంటుంది. ఆ ముద్ర పడ్డ రాతను ఎవరూ మెత్తబరచకూడదు. పేరిందేవి ఇన్నేళ్ళుగా గర్వంగా చెప్పుకునేది ఆ ముద్ర గురించే.

ఆవిడ కాజాల పెట్టె పక్కకు నెట్టి, సంపాదకుడు నూకరాజుకు ఫోన్ చేసింది.

"ఏవయ్యా నూకరాజూ, నా ముద్ర పనిచేస్తోందా, ఊడిందా?"

"భలేవారండీ! మీ సమీక్ష ఊరు ఊరంతా యథాతథంగా చదివిందండి. టీ కొట్ల దగ్గర అదే మాట. ఆ పిల్ల గొంతు పోతోందంటగా అని."

"మరి ఆ పిల్ల కాజాలు పంపిందేమిటి?"

"ఆ పిల్లకి అలా వెళ్ళదు కదండీ," అన్నాడు నూకరాజు, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. "ఎవరి మీద రాశామో ఆ మనిషికీ, ఇంట్లోవాళ్ళకీ మెత్తబరిచి పంపాలండి. ఆరోగ్య శాఖ నిబంధన. మొదట్నుంచీ అంతే."

"మొదట్నుంచీనా?"

"ఆయ్. లేకపోతే మీరు రాసేవాటికి ఎంతమంది ఆసుపత్రిలో చేరేవారో!" అని నవ్వాడు.

పేరిందేవికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ తను ఎవరికోసం నెత్తీ నోరూ కొట్టుకుందో వాళ్ళొక్కరికి తప్ప మిగతా లోకమంతటికీ వినబడిందన్నమాట. ఫోన్ పెట్టేసి తిట్టుకుంటూ చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటాక గుర్తొచ్చింది. ఆదివారం. తెల్లవార్లూ. ఆ గొంతుతో!

జగన్నాథపురంలో ఎస్తేరు ఇల్లు కాలవ పక్కనే. పేరిందేవిని చూడగానే ఆ అమ్మాయి చేతిలో తువ్వాలు పడేసి పరుగెత్తుకొచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, బక్కపలచగా, కళ్ళనిండా నవ్వుతో. వాళ్ళమ్మ మరియమ్మ కుర్చీ తుడిచి వేసి, టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

"ఇదిగో అమ్మాయ్, సూటిగా చెప్తాను," అంది పేరిందేవి కూర్చోకుండానే. "నువ్వు పాడే పద్ధతి తప్పు. గొంతు దెబ్బతింది. ఆదివారం పాడావంటే ఇంక లేవదు."

ఎస్తేరు మొహం వెలిగిపోయింది. "అయ్యో, ఎంత మాటండీ! మీలాంటివాళ్ళ నోట ఆ మాట వింటే చాలండి."

పేరిందేవి తల బాదుకోబోయి ఆగింది. పోనీ సైగ చేద్దామని, ఎస్తేరు పాట పేరు చెప్పి తల అడ్డంగా గట్టిగా ఊపింది. సభలో ముందు వరసలో రసికులు ఊపేది కూడా అడ్డంగానే. ఎస్తేరు మురిసిపోయి చేతులు జోడించింది.

"చెవిపూస తియ్యవే తల్లీ!" అని తన చెవి పట్టుకుని లాగి చూపించింది. తనను తియ్యమనే మాటను పూస ఊరికే పోనిస్తుందా!

"దుద్దులాండీ? మా పిన్ని కొనిపెట్టిందండి. మీకూ తెప్పించనా?"

రాసిద్దామంటే ఆ ఇంట్లో కాగితం ఏది? ఉన్నవన్నీ పలకలే. చెయ్యి పెట్టి ఆ పూస పీకేద్దామా అనిపించింది కానీ, పరాయి పిల్ల చెవిలో వేలు పెట్టడానికి చెయ్యాడలేదు. మరియమ్మ టీ తెచ్చి పక్కన నిలబడి, మురిపెంగా చూస్తోంది. పేరిందేవికి విసుగు నషాళానికి అంటింది. ఆ విసుగులో, ఇంట్లో వాళ్ళాయన దగ్గర తప్ప ఎక్కడా చెయ్యని పని చేసింది. వెక్కిరించింది.

ఎస్తేరు పాడిన కొత్త పాటను తనే ఎత్తుకుంది. "ఉప్పుటేరు దాటి రావా, ఓ పడవా..." గొంతు బిగించి, దవడ ముందుకు నెట్టి, పై స్వరాన్ని అందుకోలేక గీరుతూ, అక్కడ పగిలి, ఆ పగులును సాగదీసి, చివర్లో ఎవరికీ కనబడకుండా మింగే గుటకతో సహా. ఏళ్ళ తరబడి తప్పులు విన్న చెవి కదా, ఒక్కటీ పొల్లుపోలేదు. పాట కాబట్టి చెవిపూస ముట్టుకోలేదు.

ఎస్తేరు మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. పేరిందేవి మళ్ళీ అదే చరణం ఎత్తుకుంది, ఈసారి వెక్కిరింత లేకుండా, దెబ్బతిన్న చోట చెయ్యి గొంతుమీద పెట్టుకుని మరీ. ఎస్తేరు చెయ్యి కూడా మెల్లగా తన గొంతుమీదకు పోయింది. కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. ఏదో అంది.

పేరిందేవి చెవిలో పడింది: "చాలా ఆనందంగా ఉందండీ. థాంక్స్ అండీ."

ఆ మొహానికీ ఈ మాటకూ ఎక్కడా పొంతన లేదు. అప్పుడు తట్టింది పేరిందేవికి, పూస తన చెవిలోనూ ఉందని. గోరు గుచ్చుకుంటున్నా లెక్కచెయ్యకుండా పీకేసింది. ఒక్కసారిగా కాలవ చప్పుడు, ఆటోల రొద, ఎవరో ఎవరినో బండబూతులు తిట్టడం, అన్నీ మీదపడ్డాయి. ఎదురుగా ఎస్తేరు కూడా తనది లాగేసింది.

"ఎప్పట్నించి తెలుసండీ మీకు?"

కొబ్బరిపీచుతో గిన్నె తోమినట్టుంది ఆ గొంతు. మాట మధ్యలో గాలి తప్ప ఏమీ రావడం లేదు. పేరిందేవి అప్పుడు కూర్చుంది.

"మొదటి ఆల్బం నుంచీ రాస్తూనే ఉన్నానమ్మా. నీకు చేరలేదు."

"నేనూ అడిగానండీ. మూడుసార్లు ఫోన్ చేశాను. గొంతు మంటగా ఉంటోంది, మీ చెవికేమైనా తేడా తెలుస్తోందా, దాచకుండా చెప్పండి అని. మీరు సంతోషం అని పెట్టేశారు. సరే, ఆ చీలికే అందరికీ నచ్చుతోంది కాబోలని ఇంకా పెంచుకుంటూ పోయానండి."

లోకంలో అందరికీ చెవుడనీ తనొక్కతే విన్నదనీ ఇన్నాళ్ళూ విర్రవీగింది. సిగ్గుతో పేరిందేవి తల ఎత్తలేకపోయింది.

"ఊళ్ళో అందరికీ తెలుసాండీ?"

కటువైన మాటకు ఏనాడూ తడుముకోని మనిషి, ఒక్క మెత్తని మాట కోసం వెతుక్కుంది. దొరకలేదు. "అందరికీ తెలుసు తల్లీ," అంది. తర్వాత చేయి పట్టుకుని, "ఆదివారం వద్దు. రేపు నాతో గొంతు డాక్టరు దగ్గరకు రా," అంది.

"పాడనండి," అంది ఎస్తేరు.

మరియమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆవిడ చెవిలో అంతా సవ్యంగానే ఉన్నట్టుంది. కానీ కూతురి కళ్ళనీళ్ళు చూసింది, బల్ల మీద రెండు పూసలు చూసింది. తనదీ తీసి వాటి పక్కన పెట్టింది. "ఏమైందే? ఏదో ఒకటి మాట్లాడవే," అంది.

"అమ్మా," అంది ఎస్తేరు.

మరియమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసింది, ఎవరైనా వచ్చారా అని. గుమ్మంలో ఎవరూ లేరు. "ఎవరిదే ఆ గొంతు?" అంది భయంగా.

"నాదేనే. రోజూ ఈ గొంతుతోనే కదే నిన్ను పిలుస్తున్నాను."