కుడి కాలూ కుడి చెయ్యీ

కిటికీ గట్టు మీద కాఫీ చల్లారిపోతోంది. బోర్డులు రాసే ఆయన దాని సంగతే మరిచిపోయి, హాల్లో నేల మీద పరిచిన పోస్టర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని మనిషి ఒంటి రంగు కలుపుతున్నాడు.

ఆ పోస్టర్ అతని తండ్రి వేసింది. అడ్డచారల ఉన్ని బనీను, మోకాళ్లు దాటిన వదులు నిక్కరు, కాన్వాసు బూట్లు. ఆ పాతకాలపు వేషంలో మీసాల పరుగువీరుడొకడు రొమ్ము విరుచుకుని దూసుకొస్తున్నాడు. అంతా బాగానే ఉంది గానీ, కుడి కాలు ముందుకేసినవాడు కుడి చెయ్యే ముందుకు చాపాడు. లోకంలో ఎవడూ అలా పరిగెత్తడు. పరిగెత్తితే బోర్లా పడతాడు.

చిన్నప్పుడు ఏటా పందేల రోజుల్లో ఆ పోస్టర్ అచ్చుప్రతులు ఊళ్లో ప్రతి గోడ మీదా ఉండేవి. బడిలో పిల్లలు అతన్ని చూడగానే కుడి కాలూ కుడి చెయ్యీ కలిపి ఊపుకుంటూ నడిచేవాళ్లు. అతను బడి మానెయ్యడానికి సగం కారణం లెక్కలైతే, మిగతా సగం ఆ చెయ్యి. ఇన్నేళ్లకు పరుగుపందేల క్లబ్బువాళ్లు కొత్త భవనం గుమ్మంలో పెడతామని అదే పోస్టర్ అడిగారు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తారు. పోయిన మనిషిని తలుచుకుని జనం మళ్లీ నవ్వడం కొడుకుగా అతను చూడలేడు. అందుకే ఈలోపు ఆ చెయ్యి మార్చెయ్యాలని కూర్చున్నాడు.

అప్పుడే కూతురు వచ్చింది. చిరుగులు అతికి, వెనక గుడ్డ వేసి ఆ కాగితాన్ని బతికించింది తనే.

"నాన్నా, ఆ బ్రష్ కింద పెట్టు."

"మా నాన్న చేసిన తప్పు, నేను దిద్దుకుంటాను. మధ్యలో నీకేంటే?"

"నువ్వు పూశాక అది తాతయ్య బొమ్మ కాదు. నీ బోర్డు."

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. ఫ్లెక్సీలొచ్చి తన బతుకును మింగేశాక ఎవరు బోర్డన్నా అతనికి ఒళ్లు మండుతుంది. చదువులెక్కువై నోళ్లు లేస్తున్నాయన్నాడు. ఈ కోపం బోర్డులు రాయించుకుని బాకీ ఎగ్గొట్టినవాళ్ల మీద చూపించవేం అంది కూతురు. కొట్టుకుంటే కొట్టుకోండి గానీ నేల మీద రంగు పడితే ఇద్దరిచేతా తుడిపిస్తానని వంటింట్లోంచి భార్య హెచ్చరించింది.

ఈ గోలకు నాయనమ్మ గోడ పట్టుకుని వచ్చింది. తగువు దేనికో విని, కుర్చీలో కూలబడి పడీపడీ నవ్వింది. ఆ బొమ్మ వేసే రోజుల్లో పరుగెత్తేవాళ్లెవరూ కాసేపు కదలకుండా నిలబడకపోతే, తాతయ్య క్లబ్బులో ఆ బట్టలు అడిగి తెచ్చి ఆవిడకే తొడిగాడట. స్టూలు మీద కుడి కాలు పెట్టించి నిలబెట్టాడట.

"ఎడం చెయ్యి ముందుకు పెట్టమనే అన్నారు మీ నాన్న. ఎదురుగా అల్మారా ఉంటే నేను కుడి చేత్తో దాన్ని పట్టుకున్నాను. వదలమంటే వదల్లేదు. కడుపులో నువ్వున్నావు. పడితే?"

బ్రష్ పట్టిన చెయ్యి ఆగిపోయింది.

"మరి బొమ్మలోనన్నా మార్చొచ్చుగా నాన్న?"

"నేనూ అదే అన్నాను. కళ్లతో చూసిందే గీస్తాను గానీ అబద్ధం గీయనన్నారు. మీసం మాత్రం పెట్టారులే."

అతను బొమ్మ మీదికి వంగాడు. పొట్ట దగ్గర అడ్డచారలు కాస్త ముందుకు ఉబ్బి ఉన్నాయి. ఇన్నాళ్లూ గాలికనుకున్నాడు. ఎక్కడ కన్నీటి చుక్క పోస్టర్ మీద పడుతుందోనని గబుక్కున వెనక్కి జరిగి, ముఖం తుడుచుకుని, బ్రష్ కూతురి చేతికిచ్చాడు.

"క్లబ్బువాళ్లకి చెప్పవే. ఆ బొమ్మలో ఉన్నది ఒకళ్లు కాదు, ఇద్దరని."

కూతురు అతని పక్కనే చతికిలబడి భుజానికి తల ఆనించింది. "మీసం సంగతి కూడా చెప్పనా?"

"చెప్పు," అంది నాయనమ్మ. "నాకు బాగానే నప్పింది."